ముహూర్తం తప్పిన పేజీలు

నమోదు 1, సోమవారం

కొత్త పలకలు వచ్చాయి కాబట్టి, రెండు వారాలపాటు ఏం జరిగితే అది రాసిపెట్టమన్నారు ప్రెసిడెంటు సత్తిరాజు గారు. ఎందుకండీ అంటే, "ఏమోనండి, పైనుంచి రాయమన్నారు" అన్నారు. పైన ఎవరున్నారో నాకు తెలియదు. మా ఎర్రలంకకు పైన కప్పు ఉంది, కప్పు మీద ఎర్రదుమ్ము ఉంది. అంతకు పైన ఎవరైనా ఉంటే వాళ్ళే చదువుకుంటారు.

నా పేరు పేరిందేవి. ఊరి పేజీలు నావి. ఏ హాల్లో టిఫిన్, ఏ వీధికి నీళ్ళు, ఏ తలుపు తెరిచేది, ఏది మూసేది, అన్నీ ముందుగా రాసి, ఎక్కే వేళ, దిగే వేళ పెట్టి వదిలేస్తాను. వేళకు పేజీ దానంతటదే ఊళ్ళో గోడలన్నిటి మీదకీ ఎక్కుతుంది. మనుషులు చదువుతారు. తలుపులూ దీపాలూ కూడా చదువుతాయి. మనుషులు చదివినా వినరు గాని తలుపులు మాత్రం తు.చ. తప్పకుండా వింటాయి.

ఇవాళ రెండు గడియారాలూ కలిసిన రోజు, అందుకని ఊరంతా పాయసం. ఈ నేల తిరగడంలో కాస్త బద్ధకం ఉంది. భూమి కంటే రోజూ అరగంట పైచిలుకు ఆలస్యంగా తెల్లవారుతుంది. పనులకు నేల గడియారం చూసుకుంటాం. ముహూర్తాలకు మాత్రం తాతలు వెంట తెచ్చిన గోదావరి గడియారమే. కలిసిన మర్నాటి నుంచి గోదావరి గడియారం రోజుకింత చొప్పున ముందుకు జరిగిపోతుంది. సిద్ధాంతి చయనులు గారు ముహూర్తం చెబితే, దాన్ని నేల గడియారంలోకి మార్చి పేజీకి వేళ పెట్టేది నేను. పెళ్ళయినప్పటి నుంచి ఇదే పని. నిద్రలో లేపి అడిగినా తప్పు లేకుండా మార్చగలను.

చయనులు గారికి కూడా ఇవాళ ఒక పలక ఇచ్చారు. ఇన్నాళ్ళూ ఆయన మా గది గుమ్మంలో నిలబడి నోటితో చెప్పి వెళ్ళేవారు. ఇకమీదట నేను వేళ పెట్టిన పేజీని ఆయన తన గదిలోనే తెరిచి చూసి సరేననాలిట. పెద్దాయన మురిసిపోయి పలకకు పసుపు రాసి బొట్టు పెట్టారు.

పడమటి వీధి కప్పు బీటలు వారింది. వచ్చే వారం శుక్రవారం ఆ వీధి ఖాళీ చేసి, తలుపు మూసి, గాలి లాగేస్తారు. అందరూ తూర్పు వీధిలో కొత్త ఇళ్ళకు వెళ్ళాలి. మా ఇల్లూ పడమటి వీధిలోదే. మా ఆయన మంచుగనిలో ఉన్నాడు, వచ్చే నెలకు గాని రాడు. సామాను నేనొక్కదాన్నే మోసుకోవాలి.

నమోదు 2, బుధవారం

టిఫిన్ హాలు మళ్ళీ తెరిచే పేజీ ముందే ఎక్కింది. పిండి పులవలేదు, పెనం కాలలేదు, తలుపులు మాత్రం బార్లా తెరుచుకున్నాయి. జనం పళ్ళాలు పట్టుకుని వరస కట్టారు. వంటాయన గరిట పట్టుకుని నా గదికి వచ్చాడు. పేజీ తీసి చూపించాను. నేను పెట్టిన వేళ పెట్టినట్టే ఉంది. అతను చూశాడు, నేనూ చూశాను.

"మరి ముందెందుకు ఎక్కిందండీ?" అన్నాడు.

నాకేం తెలుసు. కొత్త పలక కదా, అలవాటు పడాలి అన్నాను. పలకకు అలవాటు పడ్డమేమిటో నాకే తెలియదు. ఏదో ఒకటి అనకపోతే ఆ గరిట కింద పెట్టేలా లేడు.

నమోదు 3, ఆదివారం

ఇది రాయాలంటే చెయ్యి రావడం లేదు.

ఇవాళ మా వదిన మనవరాలి బారసాల. వదినంటే మా ఆయన అక్క, వరహాలమ్మ. మాకు రెండు గుమ్మాల అవతలే ఇల్లు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో నాకు ఇక్కడి గాలి పడక వాంతులైతే నెల్లాళ్ళు ఎత్తి పోసింది. నోరు పెద్దది, చెయ్యి అంతకంటే పెద్దది.

బిడ్డ పేరు బియ్యంలో రాసేదాకా ఎవరికీ తెలియకూడదు. ఆ పేరు నాకు మాత్రం చెవిలో చెప్పింది, పేజీ కోసం. మధ్యాహ్నం బియ్యంలో రాయడం, అదే వేళకు గోడలన్నిటి మీదా పేరు వెలగడం. అలా అనుకున్నాం. వేళ నాలుగుసార్లు చూసి పెట్టాను.

పొద్దున్నే, ఇంకా స్నానాలు కాకముందే, ఊళ్ళో ప్రతి గోడ మీదా "చిరంజీవి గౌతమి" అని పూలతో సహా ఎక్కి కూర్చుంది.

నేను పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి వదిన బియ్యప్పళ్ళెం ముందు కూర్చుని ఉంది. లేవలేదు.

"బియ్యంలో రాయకముందే గోడ మీద రాసేశావు" అంది. "తండ్రి బిడ్డ చెవిలో చెప్పకముందే నీళ్ళ పంపు కాడ ఆడాళ్ళు చెప్పుకున్నారు. ఇంకేటి మిగిలిందే మాకు?"

"వదినా, నేను మధ్యాహ్నానికే పెట్టాను. ఒట్టు."

"నువ్వు కాపోతే మరెవరు పెట్టారు? దెయ్యాలా?"

వదిన మొహం తిప్పేసుకుంది. నన్ను తిట్టి ఉంటే బావుండేది. వరహాలమ్మ తిట్టలేదంటే ఊళ్ళో ఎవరూ నమ్మరు. ఇంటికొచ్చి ఏడ్చాను.

నమోదు 4, సోమవారం

ఇవాళ దొంగను పట్టుకోవాలని పొద్దుటి నుంచి పలక ముందే కూర్చున్నాను. మంచుగని తాతొకాయన పోయిన కబురు, ఉత్తరపు వీధికి నీళ్ళు ఆపే కబురు, పరీక్ష తప్పిన పిల్లల పేర్లు. మూడూ పెట్టిన వేళకే టంచనుగా ఎక్కాయి. ఒక్క రెప్పపాటు కూడా అటూ ఇటూ కాలేదు.

చావుకబురు సరిగ్గా ఎక్కుతుంది, బారసాల తప్పుతుంది. నా చేతిలోనే ఏదో ఉందేమో అనుకున్నాను. చెయ్యి మార్చి ఎడమ చేత్తో వేళ పెట్టి చూశాను. పాత పలక తెచ్చి దాని మీద పెట్టాను. తాళపు మాట మార్చాను. నిద్రలో లేచి ఏమైనా చేస్తున్నానేమోనని నిన్న రాత్రి కాలికి గంట కట్టుకుని పడుకున్నాను కూడా. గంట మోగలేదు. నాకైతే బుర్ర పనిచెయ్యడం లేదు.

నమోదు 5, మంగళవారం

పెళ్ళి హాలు పేజీ పెళ్ళి కాకముందే దిగిపోయింది. పేజీ దిగితే దీపాలు ఆరిపోతాయి. సరిగ్గా మూడుముళ్ళ వేళ చీకటి. మేళం వాళ్ళు మాత్రం ఆగలేదు, ఆ చీకట్లోనే గట్టిమేళం వాయించేశారు. "ముడి ఎవరికేశాడో చూసుకోండర్రా" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. పెళ్ళికూతురు తల్లి నవ్వలేదు.

సత్తిరాజు గారు పిలిపించారు. ఆయన చెడ్డవారు కాదు, కాని ఎవరు చివర మాట్లాడితే వాళ్ళ మాట నిజమంటారు. ఇవాళ చివర మాట్లాడింది పెళ్ళికూతురు తల్లి.

"ఏవండీ పేరిందేవి గారూ, ఇకమీదట మీరు నోటితో ఎవరికీ ఏమీ చెప్పకండి. ఒక వేళ చెప్తారు, ఇంకో వేళ అవుతుంది. జనం బెదిరిపోతన్నారు. చయనులు గారు సరేనన్నాక గోడ మీదికి ఎక్కిందే మాట. అంతేనండి."

సరేనండీ అన్నాను. ఇంకేమంటాను.

నమోదు 6, బుధవారం

పడమటి వీధి మూసే పేజీ ఇవాళ రాశాను. శుక్రవారం సాయంత్రం, దీపాలు పెట్టే వేళ. ఆ ముహూర్తానికే తూర్పు వీధిలో గృహప్రవేశాలు. అంతకుముందు వర్జ్యం, అదీ ఇదీ ఉన్నాయని, సామాను ముందే పంపినా మనుషులు మాత్రం ఆ వేళ దగ్గర పడేదాకా గడప దాటరు. వేళ అవగానే తలుపు పడుతుంది, గాలి లాగేస్తుంది. అది గాలిని ఆపే తలుపు. ఏనుగును అడ్డం పెట్టినా ఆగదు.

వేళ పెట్టాను. చదివాను. కళ్ళు కడుక్కుని వచ్చి మళ్ళీ చదివాను. చయనులు గారికి పంపాను. ఆయన సరేనన్నారు. ముద్ర పడింది. తలుపుల పేజీకి ఒకసారి ముద్ర పడితే అది జరిగేదాకా ఎవరూ ముట్టుకోలేరు, నేనైనా సరే. ఆకతాయిలు తలుపులతో ఆడకుండా పెట్టుకున్న కట్టుబాటు అది.

అయినా పడుకోబోతూ ఇంకోసారి తెరిచి చదువుకున్నాను. ఎందుకో చెప్పలేను.

నమోదు 7, గురువారం

శాంతి ఏమైనా చేయించుకుందామని చయనులు గారి గదికి వెళ్ళాను. నా జాతకంలో ఏ గ్రహమో అడ్డం తిరిగిందనే అనుకున్నాను. వేరే కారణం కనిపించలేదు.

"కూర్చోవే అమ్మాయీ, ఈ ఒక్క పేజీ చూసేసి వస్తాను" అన్నారాయన. ఎవరిదో కొట్టు తెరిచే పేజీ. రేపటికని పొద్దున్న నేను పంపిందే. కళ్ళజోడు సర్దుకుని తెరిచారు. పై వరసలో అన్నిటికంటే ముందు "శ్రీ" అని రాశారు. దాచు అన్నచోట నొక్కారు.

"అదేమిటండీ, శ్రీ ఎందుకు రాశారు?"

"శ్రీకారం లేకుండా శుభకార్యం ఎలా ఎక్కుతుందే? పాపం నువ్వు మరిచిపోతున్నావని అన్నిటికీ నేనే రాస్తున్నాను. బారసాలకు రాశాను, పెళ్ళికి రాశాను."

ఆయన పలక మూలకు చూశాను. గోదావరి గడియారం. ఆయన పంచాంగం మనిషి, ఇంకేం పెట్టుకుంటారు. పేజీని ఎవరు చివర దాస్తే వాళ్ళ గడియారంలోనే పలక ఆ వేళను చదువుకుంటుంది. నేను నేల గడియారంలో పెట్టిన అంకె, ఆయన శ్రీ రాసి దాచిన క్షణం నుంచి గోదావరి అంకె అయిపోతోంది. గోదావరి రోజురోజుకీ ముందుకు జరుగుతోంది, పేజీలూ దానితో పాటే ముందుకు జరుగుతున్నాయి.

"చావుకబురుకు రాశారా?" అన్నాను.

"ఛ, అశుభానికి శ్రీకారమేమిటే? అవి నేను తెరవనైనా తెరవను. వాటికి నా సరే కూడా అక్కర్లేదు."

"పడమటి వీధి పేజీకి?"

"గృహప్రవేశం కదే, రెండుసార్లు రాశాను" అన్నారు తృప్తిగా.

ఇద్దరం కూర్చుని లెక్క చూసుకున్నాం, రేపటికి పదకొండు రోజులు, ఏడు గంటల తేడా. సాయంత్రం పడాల్సిన తలుపు రేపు పొద్దున, ఎండ నడినెత్తికి రాకముందే పడుతుంది. అప్పటికి పడమటి వీధి జనమంతా ఇళ్ళలోనే ఉంటారు. వదిన, ఆమె కొడుకు కోడలు, పేరు పెట్టిన వారం కూడా నిండని ఆ పసిది. అర్థమయ్యేసరికి చయనులు గారు కళ్ళజోడు తీసి పక్కన పెట్టేశారు. నాకు ఆయన మీద కోపం రాలేదు. ఏడుపు వచ్చింది.

సత్తిరాజు గారి దగ్గరికి వెళ్ళాం. అంతా విని ఆయన తల పట్టుకున్నారు. "మీరు చెప్పేది నిజమైతే నాకు అర్థం కాలేదండి. అబద్ధమైతే అంతకన్నా అర్థం కాలేదు. పలక మీద సాయంత్రం అనే ఉంది కదండీ?" అన్నారు. ఉంది. పలక మీద అంకె అదే. దాని అర్థమే మారిపోయింది. అది ఆయన బుర్రకు ఎక్కించడం నా వల్ల కాలేదు.

సాయంత్రం గుమ్మం గుమ్మానికీ తిరిగాం. నన్ను చూసి నవ్వారు. "మీరు పొద్దున్నంటే సాయంత్రమని మాకిప్పుడు తెలిసిపోయిందండి" అన్నాడొకడు. చయనులు గారు చెబితే మర్యాదగా విన్నారు, వినేసి, "సాయంత్రం ముహూర్తం పెట్టింది తవరే గదండీ. రేపు పొద్దున్న వర్జ్యమని చెప్పిందీ తవరే. పసిబిడ్డనెత్తుకుని వర్జ్యంలో గడప దాటమంటారా?" అన్నారు. జీవితమంతా ఆయన చెప్పిన మాటే ఆయనకు అడ్డం పడింది.

వదిన గుమ్మంలో నిలబడ్డాను. తలుపు సందులోంచి చూసి, మాట్లాడకుండా వేసేసుకుంది.

వెనక్కి వస్తూ అడిగాను. "ముహూర్తం చూడకుండా మనవాళ్ళు ఇల్లు వదిలేసే సందర్భం ఒక్కటి చెప్పండి."

"ధనిష్ఠా పంచకంలో ఎవరైనా పోతే" అన్నారు. "ఇంటికి దోషం. మన కట్టుబాటులో వీధి వీధంతా ఖాళీ చెయ్యాలి, గాలి ఒక్కటే కనక. దానికి వర్జ్యం లేదు, దుర్ముహూర్తం లేదు. కబురు విన్నది విన్నట్టే లేచిపోవాలి."

"రేపు ఏ నక్షత్రమండీ?"

"శతభిషం" అని నా మొహంలోకి చూశారు. "పంచకంలోదే, ఆ అయిదింటిలో రెండోది. ఎందుకే?"

నమోదు 8, శుక్రవారం

ఇది పలక మీద కాదు. చయనులు గారి పాత పంచాంగం అట్ట వెనక రాస్తున్నాను. పలక నా వేలు ఒప్పుకోవడం లేదు.

పొద్దున శతభిషం రాగానే నా చావు నేనే ఎక్కించాను. "పడమటి వీధి కాపురస్తురాలు పేరిందేవి గారు శతభిషా నక్షత్రంలో కాలం చేశారు." అశుభం కాబట్టి ఎవరూ సరేననక్కర్లేదు, వేళ పెట్టక్కర్లేదు. నొక్కగానే ఎక్కింది. పలక ఆరిపోయింది. చచ్చినవాళ్ళ చేతికి పలకా పలకదు, తలుపూ తెరుచుకోదు. అది నాకు తెలుసు, కాని తెలియడం వేరు, ఆరిపోవడం వేరు. కాసేపు అరచేయి తిప్పి తిప్పి చూసుకున్నాను.

వీధి తలుపు పక్కనే చయనులు గారి గది. సందులోంచి చూస్తూ నిలబడ్డాం. ముందు ఒక ఇల్లు, తర్వాత నాలుగు, తర్వాత వీధంతా. పిల్లల్ని చంకనేసుకుని, కొందరు పక్కగుడ్డలతో సహా, వెనక్కి చూడకుండా వచ్చేస్తున్నారు. నిన్న మా మాట విననివాళ్ళు ఇవాళ ఒకర్నొకరు తోసుకుంటున్నారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. వదిన కోడలు బిడ్డతో వచ్చింది. కొడుకు వచ్చాడు. అమ్మయ్య అనుకున్నాను.

వదిన రాలేదు.

వీధి ఖాళీ అయిపోయింది. వదిన కొడుకు తలుపు దగ్గర నిలబడి లోపలికే చూస్తున్నాడు. చయనులు గారు బయటికి వెళ్ళి అడిగారు.

"అమ్మ అత్తయ్యగారింటికెళ్ళిందండి" అన్నాడు. "ఇంట్లో లేరంటే ఆసుపత్రిలోనే ఉంటారు, అక్కణ్ణించి అత్తయ్యగారిని తీసుకొచ్చేవరకూ ఇంట్లో ఒకళ్ళుండాలి గదా, దోషమో గీషమో నాకు తగిలితే తగిలిందంది. నన్ను మాత్రం పొమ్మంది."

ఊరందర్నీ లేపుతుందనుకున్న చావుకబురు, నా మీద కోపంతో ఉన్న ఒక్క మనిషిని మాత్రం లోపలికి లాగేసింది. ఎవరికోసం చచ్చానో ఆవిడే లోపల ఉండిపోయింది. అదెలా తోచలేదు నాకు? ఇంత ఆలోచించి అంత చిన్న విషయం ఎలా తోచలేదు?

గదిలోంచి బయటికి వచ్చాను. ఆ అబ్బాయి నన్ను చూసి గోడకు ఆనుకుపోయాడు. వీధి తలుపు మీద చెయ్యి పెట్టాను, కదల్లేదు. చయనులు గారు తన చెయ్యి పెట్టి తెరిచారు. వర్జ్యంలో, పంచకం పట్టిన వీధిలోకి, ఆయనే ముందు అడుగు పెట్టారు.

మా ఇల్లు వీధికి ఆ చివర. పరుగెత్తాను. వదిన మా ముందుగదిలో చాప పరిచి, తలవైపు దీపం పెట్టి, నా పెట్టె తెరిచి పెళ్ళి పట్టుచీర తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. చీర మడతలు సర్దుతూ తనలో తాను అంటోంది.

"మాటాడ్డం మానేశానే నీతో. ఇప్పుడెవరితో మానాలే నేను? ఎవరితో మానాలి చెప్పు?"

"వదినా" అన్నాను.

తలెత్తింది. అరుస్తుందనుకున్నాను, అరవలేదు. చీర వంకా నా వంకా మార్చి మార్చి చూసింది.

"పోయావన్నారు" అంది.

"పోలేదు. లే, తలుపు పడిపోతుంది."

"గోడ మీద వేశారు."

"నేనే వేశాను. లే వదినా, తర్వాత కొడుదువు గాని."

చెయ్యి పట్టి లాగాను. ఆ చెయ్యి చల్లగా ఉంది. చీర వదల్లేదు, చీరతోనే వచ్చింది. చయనులు గారు వీధి తలుపు దగ్గర అరచేయి ఆనించి నిలబడ్డారు. దాటాక వెనక్కి చూసుకునేలోపే తలుపు పడింది. లోపల గాలి లాగుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. దీపం మా ఇంట్లో ఆరిపోయే ఉంటుంది.

సత్తిరాజు గారు పరుగెత్తుకుంటూ వచ్చి, మూసిన తలుపును చూసి, వేళ చూసి, నన్ను చూసి అక్కడే కూలబడ్డారు. ఆయనకిప్పుడు అర్థమైందో లేదో నాకు తెలియదు.

అందరూ తూర్పు వీధిలోకి వెళ్ళారు. నేను వెళ్ళలేకపోయాను. ఆ గుమ్మం నన్ను ఒప్పుకోదు. నా పేజీ మళ్ళీ ఎక్కితే గాని నేను మనిషిని కాను. అది శుభం కాబట్టి చయనులు గారు సరేననాలి, ఆయనేమో పంచాంగం తిరగేసి దిగాలుగా, "సాయంత్రం దాకా మంచి ఘడియ లేదే అమ్మాయీ. నీకు చెడువేళ పెట్టడానికి నాకు చెయ్యి రావడం లేదు" అన్నారు. చెడువేళ వద్దన్నాను. ఇంత జరిగాక కూడా వద్దనే అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

గుమ్మం బయట నేల మీద కూర్చున్నాను. వదిన గుమ్మం దాటి లోపలికి వెళ్ళింది. వెళ్ళనీ, ఇల్లు సర్దుకోవాలి కదా అనుకున్నాను. కాసేపటికి బయటికి వచ్చింది. చంకలో గౌతమి ఉంది.

"వరహాలమ్మ గారూ, మీరు లోపలికెళ్ళండి, కొత్త గడప" అన్నారు సత్తిరాజు గారు.

"దీని పేజీ ఎక్కేదాకా నాకే గడపా లేదండి" అంది వదిన, నా వైపు చెయ్యి చూపించి.

నా పక్కనే గోడకు ఆనుకుని కూర్చుంది. బిడ్డను నా ఒళ్ళో పెట్టింది. నా మొహం చూడలేదు. మాట్లాడుతుందో లేదో, మానెయ్యడం ఇంకా మానలేదో ఏమో, నాకు తెలియలేదు. ఎదురుగా గోడ మీద నేను కాలం చేసినట్టు ఇంకా రాసే ఉంది. ఇద్దరం దాన్నే చూస్తూ చాలాసేపు కూర్చున్నాం.

"ఆకలేత్తందా?" అంది చివరికి.

వేస్తోందన్నాను.